చేదు మొహం

చెంచా గది, 3,284వ రోజు

పొద్దున్నే నా నాలుక నేనే చూసుకున్నాను. చేదు. పుస్తకంలో రాశాను. గోడలోని గొట్టంలోంచి పై వరస అధికారి విద్యాధరం గారు అడిగారు.

"నాలుక?"

"చేదండి."

"మంచిది."

ఈ రోజుకి నాతో మనిషి మాట్లాడటం అయిపోయింది. ఇంక రేపు పొద్దున్నే.

ఈ పుస్తకంలో ఎడమ పేజీ లెక్కలకి, కుడి పేజీ విశేషాలకి. విశేషాల పేజీ ఎవరూ చదవరని రెండో ఏడే తెలిసింది. ఒక శనివారం "గదిలోకి ఏనుగు వచ్చింది, చెంచాలు తిని వెళ్ళింది" అని రాసి పుస్తకం పైకి పంపాను. సోమవారం ముద్ర వేసి తిరిగి పంపారు. అప్పట్నుంచీ కుడి పేజీ నాది.

ఇవాళ చెంచాలు నలభై కాచి, తుడిచి, బట్ట మీద పరిచాను. ఒకటో నంబరు చెంచా కాడ వంకర. కొత్తది పంపమని తొమ్మిదేళ్ళుగా అడుగుతున్నాను. కిటికీ గట్టు మీది రేకు తళతళలాడేలా తుడిచాను. గోడ మీద పదకొండు నియమాల పలక ఉంది. ఆవిరికి దాని అక్షరాలు మసకబారాయి. నాకు అన్నీ కంఠస్థమే కదా అని పైపైన దులిపి వదిలేశాను.

మధ్యాహ్నం ఉప్పు లేని అంబలి, ఉడికించిన నాచు. చెంచా మనిషి ఉప్పు తినకూడదు, కారం తినకూడదు, పులుపు తినకూడదు, వరసలో వాళ్ళతో కూర్చుని తినకూడదు. మొదటి మూడూ అలవాటయ్యాయి.

ఇక్కడ ఇళ్ళు పై, నడిమి, కింది అని ఒకదాని కింద ఒకటి మూడు వరసలు. నా కూజాలోకి నడిమి వరస నీళ్ళు వస్తాయి. నాలుక బాగుండాలి కదా. సముద్రాన్ని వడగడితే మిగిలేది ఉత్తి నీళ్ళు. అందులో ఏమీ ఉండదు, ఆ నీళ్ళతో తట్టల్లో పెంచిన ఆకులోనూ ఏమీ ఉండదు. అందుకని పైన సారం చుక్కలు కలిపి వదులుతారు. జింకు, ఇనుము, ఇంకా ఏవేవో. కుండకి పై వరసకి పన్నెండు చుక్కలు, నడిమి వరసకి ఎనిమిది, కింద మా వరసకి నాలుగు. "మా" అని రాసేశాను. కొట్టేయను.

3,285వ రోజు

పరీక్ష మొదటి రోజు. పై వరసకి నెత్తురు చూసే యంత్రం ఉంది. కింది వరసకి నేనున్నాను.

పని తేలికే. కిటికీ దగ్గరికి వచ్చిన మనిషికి ఒక చెంచా జింకు నీళ్ళు పోస్తాను. ఒంట్లో సారం చాలినంత ఉంటే అది మింగలేనంత చేదు. చాలకపోతే ఉత్తి నీళ్ళలా దిగిపోతుంది. మొహం చూసి చేదు అనో చప్ప అనో రాస్తాను. చప్ప అని తేలిన వాళ్ళకి నెల రోజులు సారం బిళ్ళలిస్తారు. తట్టల పని, పై వరస ఇళ్ళలో పని మాత్రం పోతాయి. చప్పవాళ్ళకి జబ్బులు ఇట్టే అంటుకుంటాయని, వాళ్ళ చేతుల్లోంచి ఆకుకి, ఆకులోంచి పై వరసకి వస్తాయని భయం. పోయిన తట్ట మళ్ళీ రాదు, తట్ట లేని ఇంటికి తిండి సగమే. మా అమ్మకి అలాగే పోయింది. ఒకే నెలలో నలభై మంది చప్ప తేలితే వరస తలుపులే మూసేస్తారు. పదకొండేళ్ళ కింద నాలుగో వరసకి మూశారు. వాళ్ళ మెట్లు ఇంకా ఉన్నాయి. దిగితే గోడ వస్తుంది.

లైనులో ఎప్పుడూ సింహాద్రి తాతే మొదట. చెంచా నోట్లో పెట్టగానే గుండె పట్టుకుని వెనక్కి వాలతాడు.

"సంపేసినావే అమ్మీ" అంటాడు.

వెనక లైనంతా నవ్వుతుంది. నెల మొత్తంలో నాకు ఇష్టమైన నిమిషం అదే. ఇవాళ కూడా నవ్వారు, కానీ నవ్వు మధ్యలో చాలామంది దగ్గారు.

తర్వాత తవిటమ్మ పిన్ని. పై వరస వంటింట్లో గిన్నెలు తోముతుంది. చెంచాలోది నోట్లో అటూ ఇటూ తిప్పి నా వంక అనుమానంగా చూసింది.

"ఇదేటే, ఈయాల నీళ్ళలాగున్నాది."

"సరీగా సూడు పిన్నీ."

"సూసేనే. నీళ్ళే."

రాయక తప్పలేదు. చప్ప. రేపట్నుంచి ఆమె పైకి పనికి వెళ్ళడానికి లేదు. ఆమె మొహం చూడలేక తర్వాతి పేరు పిలిచేశాను.

యాభై ఎనిమిదో మనిషి పైడమ్మ, నా చెల్లెలు. కళ్ళు గట్టిగా మూసుకుంది, నాలుక అర అంగుళం బయట పెట్టింది, ఎడమ భుజం ఎగరేసింది. "సేదు" అంది. నెలకి ఆ ఒక్క మాటే మా ఇద్దరికీ. కానీ ఇవాళ దాని ఎడమ బొటనవేలికి గుడ్డ కట్టి ఉంది. పోయిన పరీక్షలోనూ ఉంది ఆ గుడ్డ.

"ఆ యేలు ఇంకా మానలేదేటి?"

"తట్ట అంచు కోసుకుపోనాది. మానుద్ది."

"విప్పి సూపించు."

"ఎనకాల లైనున్నాది" అని వెళ్ళిపోయింది.

తొమ్మిదేళ్ళ కింద నేను ఈ గదికి వచ్చినప్పుడు దానికి పద్నాలుగేళ్ళు. అమ్మ పోయి నెలయింది. "నీళ్ళ కోసం ఎల్లిపోతన్నావు" అంది. ఆ మాట అబద్ధం కాదు. నా వంతు తిండి దానికి మిగులుతుందని కూడా వచ్చాను. కానీ ఈ రెండో కారణం పైకి అనుకుంటే నాకే నమ్మబుద్ధి కాదు.

సాయంత్రం డబ్బాలు కొలిచాను. గదిలో రెండు డబ్బాలుంటాయి. ఒకటి జింకు నీళ్ళది, ఇంకొకటి అవి చిక్కబడితే కలపడానికి కాచి ఉంచిన ఉత్తి నీళ్ళది. ఆవిరికి రెంటి చీటీలూ ఊడిపోయాయి. జింకు నీళ్ళ డబ్బా గీత దాకా నిండుగా ఉంది. ఉత్తి నీళ్ళ డబ్బాలో డెబ్భై ఒక్క చెంచాలు తగ్గాయి.

మళ్ళీ కొలిచాను. మళ్ళీ అంతే.

ముందు నవ్వొచ్చింది. సింహాద్రి తాత ఉత్తి నీళ్ళకి గుండె పట్టుకున్నాడు. డెబ్భై మంది ఉత్తి నీళ్ళు తాగి చేదన్నారు. నీళ్ళని నీళ్ళన్న ఒకే ఒక్క మనిషికి నేను చప్ప రాశాను. తవిటమ్మ పిన్ని పై వరస గిన్నెల్లో మిగిలింది తింటుంది, అందుకే ఆమెకి నాలుక ఉంది. మిగతా వాళ్ళకి ఏ నెలా ఏ రుచీ తెలియడం లేదు. మొహం మాత్రం వేళకి పెడుతున్నారు.

తర్వాత పైడమ్మ మొహం గుర్తొచ్చింది. కళ్ళు మూసుకో, నాలుక అర అంగుళం, ఎడమ భుజం. అమ్మ తట్ట పోయిన వారం, బోర్లించిన తట్ట అడుగున మొహం చూపిస్తూ దానికి అది నేర్పింది నేనే. నూకరత్నం అనే నేను, నమ్మకమైన నాలుక గలదాన్ని. ఏడుపొచ్చింది. వినేవాళ్ళు లేరు కాబట్టి గట్టిగానే ఏడ్చాను.

3,286వ రోజు

"నాలుక?"

"చేదండి."

"మంచిది." గొట్టం మూయలేదు ఆయన. "నూకరత్నం గారూ, మీ వరసలో జ్వరం ఎలా ఉంది?"

తొమ్మిదేళ్ళలో ఆయన నన్ను మూడో మాట అడగటం ఇదే మొదలు. చెవి గొట్టానికి ఇంకా దగ్గరగా ఆనించాను.

"పైన కూడా వచ్చింది అదే దగ్గుజ్వరం" అన్నారు. "తొమ్మిది మందికి. నాలుగు రోజుల్లో లేచి తిరుగుతున్నారు. కింద పదహారు మంది రెండు వారాలుగా పడుకునే ఉన్నారట. ముగ్గురు పోయారు. మీ పుస్తకంలో నాలుకలన్నీ చేదే కాబట్టి సారానికి లోటు లేదని పై వరస సంఘం అంటోంది. శుభ్రత లేకపోవడమేనట. లోటు లేని చోట నాలుగు చుక్కలెందుకు, వచ్చే నెల నుంచి మూడు చాలు అనుకుంటున్నారు."

"నేను మొహాలు చూసి రాస్తానండీ" అన్నాను.

"అవును."

"మొహాలే కదండీ."

"ఎవరైనా చప్ప అయితే చప్ప అనే రాయండి" అని గొట్టం మూసేశారు.

రాస్తే నలభై కాదు, రెండు వందలు దాటతాయి. తలుపులు మూసేస్తారు, మా మెట్ల చివర కూడా గోడ లేస్తుంది. రాయకపోతే మూడు చుక్కలు, జ్వరం వాళ్ళని ఒక్కొక్కరినే తీసుకుపోతుంది. ఎటు రాసినా నా చేతిరాతే.

ఇవాళ కూడా లైను వచ్చింది. ఈసారి పొరపాటున కాదు, కావాలనే ఉత్తి నీళ్ళు పోశాను. ఒక్కొక్క మొహమూ దగ్గరగా చూశాను. కన్నబాబు ఉమ్మేస్తాడు. జమ్మయ్య ముక్కు పట్టుకుంటాడు. పాపాయమ్మ చంటిదాని నోట్లో చెంచా పెట్టే ముందు దాని వీపు మీద చిన్నగా గిల్లింది, పిల్ల మొహం ముడిచింది. అది పుట్టినప్పట్నుంచీ ఆ గిల్లడం నా కళ్ళ ముందే జరుగుతోంది. పిల్లకి చేదు తెలిసిందనే రాశాను.

3,288వ రోజు

నిన్నటితో పరీక్ష అయిపోయింది. రెండు వందల పన్నెండు మందిలో నీళ్ళని గుర్తుపట్టిన వాళ్ళు నలుగురు. నలుగురూ పై వరస ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళే.

ఇవాళ మధ్యాహ్నం కిటికీ మీద ఎవరో కొట్టారు. సింహాద్రి తాత. పరీక్ష లేని రోజున కిటికీ దగ్గరికి రాకూడదు. ఆయన రేకు పట్టుకుని నిలబడి దగ్గు ఆగేదాకా ఆగాడు.

"అమ్మీ, సెప్పకూడదనే సెప్పింది. నాను సెప్తన్నాను. పైడమ్మకి మూడ్రోజులై ఒళ్ళు కాలిపోతన్నాది. ఆ యేలు నల్లబడిపోనాది. గుడ్డ ఇప్పితే వాసన."

"తిండి తింటన్నాదా తాతా?"

"ఏటి తింటాది? ఏది తిన్నా మట్టిలాగున్నాదంట. అది మనకి కొత్తేటి? మాకు ఏది తిన్నా అంతే గదా." అని నవ్వబోయి మళ్ళీ దగ్గాడు. "పోనీ, నీ నాలిక్కి ఇంకా తెలుస్తన్నాదా?"

"తెలుస్తన్నాది తాతా."

"మంచిదే. ఒక్కలికైనా తెలియాల" అన్నాడు.

నా కూజాలో నీళ్ళన్నీ ఆయన తెచ్చిన క్యానులోకి వంచేశాను. అది నేరం. నియమాల పలకలో రెండోది. ఆయన క్యాను ఎత్తి చూసుకున్నాడు, అది ఎంత చిన్నదో ఇద్దరికీ కనబడింది. ఒంట్లో సారం నిండడానికి వారాలు పడుతుంది. ఒక క్యాను నీళ్ళతో పుండు మానదు. అయినా ఆయన దాన్ని రెండు చేతులా పట్టుకుని మెట్లు దిగాడు.

ఇవాళ శనివారం, పుస్తకం పైకి వెళ్ళాలి. పొరపాటు జరిగిన రోజు కుడి పేజీ చింపేద్దామనుకున్నాను. పేజీలకి నంబర్లున్నాయి, చింపితే తెలుస్తుంది. ఏనుగునే చదవని వాళ్ళు దీన్నేం చదువుతారని అలాగే పంపేస్తున్నాను.

3,290వ రోజు

పుస్తకం ముద్రతో తిరిగొచ్చింది. ఎప్పటిలాగే.

"నాలుక?"

"చేదండి."

"మంచిది. నూకరత్నం గారూ, గోడ మీద నియమాల పలక సరిగా తుడుస్తున్నారా? తొమ్మిదోది మసకబారిందని విన్నాను."

నాకు ఒళ్ళు మండింది. కింద మనుషులు పోతుంటే ఈయనకి పలక తుడవడం కావలసి వచ్చింది. నా గదిలోకి ఆయన ఏనాడూ రాలేదు, ఎవరు చెప్పారో ఈ మసక సంగతి. తిట్టుకుంటూనే తడిగుడ్డ తీసుకుని తుడిచాను. పని చెప్పాక చేయకుండా ఉండలేని జబ్బు నాది.

తుడిచాక చదివాను. కంఠస్థం అనుకున్నది కంఠస్థం కాదు. తొమ్మిదోది ఇలా ఉంది: చెంచా మనిషి స్వంత నాలుక చప్ప అని తేలితే ఆ నెల రాతలన్నీ రద్దు. కొత్త చెంచా మనిషి వచ్చి అందరినీ మళ్ళీ చూసేవరకు ఆ వరసని చూడని వరసగా లెక్క కట్టాలి. చూడని వరసకి, పై వరసల క్షేమం కోరి, కుండకి పన్నెండు చుక్కలు ఇవ్వాలి.

పై వరసల క్షేమం కోరి. మా జబ్బు ఎంతుందో తెలియనప్పుడు మాత్రమే వాళ్ళకి మా మీద భయం. ఆ భయానికి పన్నెండు చుక్కలు.

చప్ప అయిన చెంచా మనిషిని గదిలోంచి పంపేస్తారు. నడిమి వరస నీళ్ళుండవు, మళ్ళీ ఏ పనీ ఇవ్వరు. అది పదో నియమం. అది నాకు కంఠస్థమే.

నా నాలుక నిక్షేపంగా ఉంది. చిక్కంతా అదే.

రోజూ పొద్దున్నే నా నాలుక చూసుకునే చిన్న సీసాలోంచి ఒక చెంచా పోసుకుని, కిటికీ రేకులో మొహం చూసుకుంటూ మింగాను. కనుబొమలు రెండూ కలిసిపోయాయి. ఇంకో చెంచా. పెదవి వంకర పోయింది. ఇంకోటి. వరసలో దాదాపు అందరికీ లేని చేదుని తెచ్చిపెట్టుకోవడం తెలుసు. ఉన్న చేదుని దాచుకోవడం నేనెవరికీ నేర్పలేదు, నేర్చుకోలేదు. సాయంత్రానికి వాంతి చేసుకున్నాను. మొహం ఇంకా సరిగా రాలేదు.

3,291వ రోజు

"నాలుక?"

"చప్ప అండీ."

"మరోసారి చూసుకోండి."

"చూశానండీ. నీళ్ళలా ఉంది."

"నేనే వస్తున్నాను" అన్నారు.

తొమ్మిదేళ్ళలో మొదటిసారి నా గది తలుపు లోపలికి తెరుచుకుంది. విద్యాధరం గారు పొడుగ్గా ఉంటారనుకున్నాను, గొంతు అలాంటిది. పొట్టి మనిషి, బట్టతల, మూతికి గుడ్డ. చేతిలో సీలు వేసిన సీసా, కాడ తిన్నగా ఉన్న కొత్త చెంచా. కూర్చోమన్నాను. ఉన్నది ఒకటే స్టూలు, ఆయన దాని మీద కూర్చున్నారు, నేను నిలబడ్డాను.

మొదటి చెంచా మింగాను. చేదు నాలుక మీంచి చెవుల దాకా పాకింది. తవిటమ్మ పిన్నిని తలుచుకున్నాను. నీళ్ళే, అంది కదా. ఆ మాటే లోపల అనుకున్నాను.

రెండో చెంచా. దవడలు బిగుసుకున్నాయి. వదులు చేశాను.

మూడో చెంచాకి పైడమ్మ గుర్తొచ్చింది, వేలు నల్లబడి, నోట్లో మట్టి రుచితో. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"కళ్ళకేమైంది?" అన్నారాయన.

"గదిలో ఆవిరెక్కువండీ."

ఆయన నన్ను చాలాసేపు చూశారు. నా మొహాన్ని అంతసేపు ఎవరూ చూడలేదు. తర్వాత పుస్తకం ముందుకు లాక్కుని ఎడమ పేజీలో "చప్ప" అని రాసి సంతకం పెట్టారు. లేచి, తలుపు దగ్గర ఆగారు.

"ఆ ఏనుగు మళ్ళీ రాలేదా?"

ఏనుగుని చదివారు. తొమ్మిదేళ్ళ కుడి పేజీలన్నీ చదివారు. నా తిండి గొడవ, వంకర చెంచా, పైడమ్మ, పొరపాటు జరిగిన డెబ్భై ఒక్క చెంచాలు. చదివే తొమ్మిదో నియమం తుడవమన్నారు.

"రాలేదండీ" అన్నాను.

"వస్తే రాస్తారేమోనని చూసేవాణ్ణి" అన్నారు. "పైన నాది కూడా ఒక్క మనిషి గదేనండీ."

వెళ్ళేటప్పుడు కొత్త చెంచా బల్ల మీద వదిలేశారు. ఇంక అది నాకు పనికిరాదు.

కింద, 1వ రోజు

పుస్తకం పైకి పోయింది. తట్టలకి కట్టే చీటీల వెనక రాస్తున్నాను.

మెట్లు దిగుతుంటే తలుపులన్నీ వేసేశారు. చప్ప తేలిన మనిషిని, అదీ చెంచా మనిషిని, చూడాలంటే భయం. నేను నవ్వుకున్నాను. రెండు వందల మంది చప్పవాళ్ళు ఒక చేదు మనిషిని చూసి దాక్కున్నారు. ఎవరితో చెప్పను?

పైడమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. వైద్యపు మనిషి పొద్దున వచ్చి బొటనవేలు సగం తీసేశాడట. నేను వచ్చానని దానికి తెలుసు, ఊపిరి మారింది. చాలాసేపటికి చాప మీద గోడకేసి జరిగింది. ఒక మనిషి పట్టేంత చోటు ఖాళీ అయింది.

కింద, 12వ రోజు

పైన ఎవరెవరి సంతకాలో కావాలట, పన్నెండు చుక్కలు నిన్న గానీ రాలేదు. సింహాద్రి తాత మొన్న పోయాడు. ఆఖరి పూట కూడా నన్ను చూసి గుండె పట్టుకున్నాడు, ఎప్పటి ఆటే అనుకుని నవ్వబోయాను. నేను ఒక్క రోజు ముందు చప్ప అని ఉంటే అనే లెక్క రోజూ వేస్తున్నాను. ఎలా వేసినా ఆయన బతకడం లేదు, అయినా వేస్తున్నాను.

రాతలు రద్దయ్యాయి కాబట్టి తవిటమ్మ పిన్ని మళ్ళీ పనికి వెళ్తోంది. తలుపు తీసిన మొదటి మనిషి ఆమే. లోపలికి పిలవడానికి కాదు, తిట్టడానికి.

"నీళ్ళని నీళ్ళన్నందుకు సప్ప రాసినావు గదే. ఆరు రోజులు ఇంట్లో కూకున్నాను."

"తప్పయిపోనాది పిన్నీ." ఆ రోజు డబ్బాల సంగతి, మొహాల సంగతి అంతా చెప్పేశాను.

"అయితే అయినాది. మల్లీ నెల నుంచి అందరం నీళ్ళని నీళ్ళే అందాం. ఒకలూ ఇద్దరూ అంటే తట్ట పోద్ది, నలభైమందంటే గోడ కట్టేస్తారు. మొత్తం వరసంతా అంటే పైన ఆకు పండించేదెవులు?" అంది. అది ఇన్నేళ్ళూ ఎవరికీ ఎందుకు తోచలేదో నాకు తెలుసు. ఎవరి మొహం వాళ్ళు ఒంటరిగా పెట్టుకోవలసి వచ్చింది, పక్కవాడిది నిజం చేదని అందరూ అనుకున్నారు.

పైడమ్మకి జ్వరం దిగుతోంది. నాతో ఇంకా మాట్లాడదు. గంజి తాగి గిన్నె నా వైపు తోస్తుంది, నేను కడుగుతాను. చాప మీద ఒకరి వీపు ఒకరికి ఆనించి పడుకుంటాం. గదిలో ఒక్కదాన్నే ఉన్నప్పుడు ఇంత ఒంటరిగా అనిపించలేదు.

కింద, 41వ రోజు

కొత్త చెంచా మనిషి వచ్చింది, నడిమి వరస పిల్ల. కిటికీ దగ్గర లైను కట్టాం. ఆ కిటికీని ఇవతల నుంచి చూడటం నాకు తొమ్మిదేళ్ళ తర్వాత. రేకు చాలా ఎత్తులో ఉంది. అంత ఎత్తునుంచి మొహాలు చూశానా అనిపించింది.

ముందు తాత ఉండేచోటు ఖాళీ వదిలి, జమ్మయ్య మొదలుపెట్టాడు. అలవాటు ప్రకారం ముక్కు పట్టుకోబోయి, చెంచా నోట్లో పడగానే చెయ్యి మధ్యలో ఆగిపోయింది. మొహం ఏదోలా అయిపోయి పక్కకి వెళ్ళి నిలబడ్డాడు. పాపాయమ్మ చంటిదాన్ని గిల్లలేదు. అది దానంతటదే ఏడ్చింది. లైనులో ఎవరూ నవ్వలేదు. ఒక్కొక్కరూ పక్కకి వెళ్ళి, నోరు తుడుచుకుంటూ, కొత్తగా పరిచయమైనవాళ్ళలా ఒకరినొకరు చూసుకున్నారు.

నా ముందు పైడమ్మ. సగం వేలున్న చేత్తో కిటికీ రేకు పట్టుకుంది. పుండు మానింది, కొత్త చర్మం గులాబీ రంగులో ఉంది.

చెంచా నోట్లో పెట్టుకుంది. కళ్ళు మూసుకోలేదు. నాలుక బయటికి రాలేదు, భుజం లేవలేదు. నేను నేర్పినదేదీ చేయలేదు. అలా నిలబడిపోయింది. గడ్డం కింద చిన్నగా అదిరింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కిటికీలో పిల్లకి ఆ మొహం ఏ గడిలో రాయాలో తోచలేదు.

"చెప్పండి. చేదా, చప్పా?" అంది.

పైడమ్మ వెనక్కి తిరిగి నన్ను చూసింది.

"అప్పా" అంది. తొమ్మిదేళ్ళ తర్వాత. "ఇంత సేదేటే. రోజూ పొద్దున్నే ఇదే తాగినావేటి? ఒక్కద్దానివే?"

అవునన్నాను.